14.6 కిలోల స్ఫటికానికి న్యూట్రినో ఎలా చిక్కింది?

ప్రశ్న: న్యూట్రినోలు పట్టాలంటే వేల టన్నుల నీళ్ళ ట్యాంకులు కావాలంటారు. 2017లో అమెరికాలో 14.6 కిలోల స్ఫటికంతోనే పట్టారట. ఎలా? ఇది 1974లోనే ఊహించిన సంగతైతే అంత ఆలస్యం ఎందుకు?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని, దేన్నీ దాదాపు తాకకుండా దూసుకెళ్ళే అతి తేలిక కణం. దాని శక్తి సుమారు 50 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల (ఎలక్ట్రాన్‌వోల్టు కణాల శక్తికి కొలమానం, మెగా అంటే పది లక్షలు, కిలో అంటే వెయ్యి) లోపు ఉంటే, దానికి కేంద్రకంలోని కణాలు విడివిడిగా కనబడవు. మొత్తాన్నీ ఒకే ముద్దగా తాకుతుంది. ఇందులో ప్రోటాన్ల వాటా దాదాపు సున్నా, లెక్కంతా న్యూట్రాన్లదే. పైగా తాకే అవకాశం న్యూట్రాన్ల సంఖ్య వర్గంలో పెరుగుతుంది: స్ఫటికంలోని సీజియం కేంద్రకంలో 78 న్యూట్రాన్లుంటే అవకాశం 78 రెట్లు కాదు, 6,084 రెట్లు. అందుకే చిన్న స్ఫటికమైనా చాలు. భౌతిక శాస్త్రవేత్త డేనియల్ ఫ్రీడ్‌మన్ 1974లో చెప్పింది ఇదే.

చిక్కల్లా తాకాక ఏమవుతుందన్న దగ్గరే. రుబ్బురోలుకి గోళీ తగిలినట్టు, బరువైన కేంద్రకం కదిలీ కదలనట్టు కదులుతుంది. 30 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల న్యూట్రినో సీజియం కేంద్రకానికి ఇవ్వగలిగింది మహా అయితే 15 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు. అందులోనూ వెలుగుగా మారేది పదో వంతు కూడా ఉండదు. చివరికి ఆ వెలుగుని విద్యుత్ సంకేతంగా మార్చే ఫోటోమల్టిప్లయర్‌కి అందేది ఒక్కో కిలో ఎలక్ట్రాన్‌వోల్టుకి ఒక ఎలక్ట్రాన్, ఇంకాస్త.

ఇంత చిన్న మెరుపుని నమ్మాలంటే గడియారం కావాలి. ఈ ప్రయోగం జరిగిన అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో ప్రోటాన్లు పాదరసాన్ని సెకనుకి 60 సార్లు కొడతాయి, ఒక్కో దెబ్బ మైక్రోసెకను (సెకనులో పది లక్షలో వంతు) లోపే. న్యూట్రినోలు పుట్టేది ఆ దెబ్బల నుంచే. దెబ్బ తర్వాతి కొన్ని మైక్రోసెకన్లే చూస్తే రొద, అంటే వేరే కారణాలతో వచ్చే మెరుపులు, చాలా మటుకు పోతుంది. మిగిలిన రొద ఎంతో దెబ్బకి ముందు అంతే వ్యవధిలో కొలిచి తీసేస్తారు. కానీ పాదరసం నుంచి వచ్చే న్యూట్రాన్లూ అదే వేళకి వస్తాయి, వాటి ముందు గడియారం పనిచేయదు. అందుకే స్ఫటికాన్ని 19.3 మీటర్ల దూరంలో, మధ్య కాంక్రీటు, కంకర అడ్డుండే నేలమాళిగ నడవాలో పెట్టారు.

చుట్టూ సీసం పేర్చితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. న్యూట్రినోలు సీసాన్ని తాకి న్యూట్రాన్లను ఊడగొడతాయి, వాటిని ఆపడానికి సీసం లోపలివైపు పాలిథిన్ పొర ఉండాలి. ఇంకో తంటా, కాస్మిక్ మ్యుయాన్ (అంతరిక్ష కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే కణం) దూసుకెళ్ళాక స్ఫటికం కాసేపు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. స్ఫటికంగా, థాలియం కొద్దిగా కలిపిన సీజియం అయొడైడ్‌కి బదులు సోడియం కలిపినదాన్ని ఎంచుకున్నది ఈ మిణుకు తక్కువనే. ఇన్ని జాగ్రత్తల తర్వాత, ఏడాదికి పైగా సేకరించిన కొలతల్లో దొరికినవి 134 ఘటనలు, 22 అటూ ఇటూగా.

అణు విద్యుత్ రియాక్టర్ దగ్గర ఈ పని ఇంకా కష్టం. న్యూట్రినోల శక్తి కొద్ది మెగా ఎలక్ట్రాన్‌వోల్టులే, దెబ్బల లయ కూడా ఉండదు. స్విట్జర్లాండ్‌లోని లైబ్‌స్టాట్ రియాక్టర్ దగ్గర జెర్మేనియం స్ఫటికాలతో కోనస్‌ప్లస్ బృందం 2025లో 3.7 సిగ్మా సంకేతాన్ని ప్రకటించింది (సిగ్మా ఎంత ఎక్కువైతే, అది కాకతాళీయం అయ్యే అవకాశం అంత తక్కువ).