దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల చేనేత దుప్పటికి అంత ధర ఎందుకు, అందులో నేసినవారికి దక్కేదెంత?

ధరకు కారణం మగ్గం ఎక్కక ముందు నుంచీ పడే శ్రమే. పెరూలో కుస్కోకు దగ్గరలోని చించేరో వంటి ఊళ్లలో అక్కడి మూలవాసులైన క్వెచువా స్త్రీలు గొర్రె ఉన్నిని, ఒంటె జాతి జంతువైన అల్పాకా ఉన్నిని చేతికదురుతో వడికి, రెండు పోగులను కలిపి పురిపెట్టి, నాగజెముడుపై బతికే కోచినీల్ పురుగులను ఎండబెట్టి నూరిన పొడితో ఎరుపు రంగు అద్దుతారు. ఆ తర్వాత పడుగును ఒక చివర కొయ్యకు, మరో చివర తమ నడుముకు కట్టుకొని, ఎదుట గీసిన నమూనా ఏదీ లేకుండా, ఒక్కొక్క పోగునూ వేళ్లతో ఏరి ఎత్తుతూ బొమ్మలు నేస్తారు. పెద్ద దుప్పటికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

పక్క దుకాణంలోనే అక్రిలిక్ నూలుతో యంత్రాలపై తయారైన నకళ్లు చవకగా దొరుకుతున్నందున ఈ పనికి న్యాయమైన కూలి రావడం కష్టం. అసలు అన్యాయం ఇదేనని నా అభిప్రాయం. 1996లో నిల్డా కల్యన్యావుపా తోటి నేతగత్తెలతో కలిసి నెలకొల్పిన కుస్కో సంప్రదాయ వస్త్ర కేంద్రం పది గ్రామాల సంఘాలతో పనిచేస్తూ, వారి వస్త్రాలను నేసినవారి పేరుతోనే అమ్ముతోంది.