యాంటిగొనీ, క్రెయాన్ పోలిక: వ్యాసం ఎక్కడ ఆగిపోతోందంటే

సోఫోక్లీస్ రాసిన గ్రీకు నాటకం ‘యాంటిగొనీ’లో, రాజు క్రెయాన్ వద్దన్నా యాంటిగొనీ తన సోదరుడి శవానికి అంత్యక్రియలు చేస్తుంది. ఈ ఇద్దరినీ పోలుస్తూ, ఆమె మంచిది, అతను చెడ్డవాడు అని రాశాక మీ వ్యాసం ముందుకు కదలట్లేదన్నారు. కదలదండీ, అది పోలిక కాదు, తీర్పు. సోఫోక్లీస్ ఇద్దరికీ ఒకే మొండితనం ఇచ్చాడు, అక్కడ మొదలుపెట్టండి. ఇద్దరూ చట్టం పేరే చెబుతారు: ఆమెది దేవతల అలిఖిత ధర్మం, అతనిది రాజశాసనం. ఆమెకో పేరా, అతనికో పేరా అని విడదీయకుండా, ఇద్దరూ ఎదురుపడే సన్నివేశంలో మాటకు మాట పెట్టి చూపండి.

అసలు తేడా చివర్లో ఉంది. ఆమె చేసిన పనిని కాదనదు. అతను అంధ ప్రవక్త టైరీసియస్ హెచ్చరికకు భయపడి లొంగుతాడు, కానీ క్రమం తప్పుతాడు. ముందు గుహలో బంధించిన పిల్లను విడిపించమని బృందగానం (నాటకంలో వ్యాఖ్యానించే పెద్దల బృందం) చెప్పినా, ఆమె సోదరుడి శవానికి అంత్యక్రియలు జరిపాకే గుహకు వెళ్తాడు. అప్పటికే ఆమె ఉరేసుకుంది. ఈ ఆలస్యానికి ఒక పేరా పూర్తిగా ఇవ్వండి. యాంటిగొనీ సోదరి ఇస్మీనీని మాత్రం లాగొద్దు, అది వేరే వ్యాసం.