గ్యాలరీ తాళం ఇచ్చేసి పాట పోయిందంటే ఎలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఫొటోకి పాట జతచేసి దాచుకునే యాప్ ఒకటి నాలుగేళ్లుగా వాడుతున్నాను. మొన్న అప్‌డేట్ వచ్చాక మొత్తం మారిపోయింది. నేను పెట్టిన పాటలు పక్కకి నెట్టి తనే ఏవో పెడుతోంది. నాన్నగారి పెద్దకర్మ ఫొటోలకి డీజే బీట్ పెట్టింది! మిగతావాటిలో సగం ఒడియా పాటలు. పాత యాప్ మళ్లీ తెచ్చుకోవచ్చా?

జవాబు: ఈ నెలలో ఇదే గోడు ఇది ఐదోసారి. పాత వెర్షన్ ఫైల్ ఎవరో వాట్సాప్‌లో పంపారని వేసుకోకండి. అందులో ఇంకేం దూర్చారో మీకు తెలియదు.

డీజే బీట్ ఎందుకొచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు. ప్రోగ్రాంకి కనిపించేది షామియానా, పూలదండ, వరుసగా విస్తళ్లు, బోలెడు జనం. దాని లెక్కలో పెళ్లికీ పెద్దకర్మకీ తేడా లేదు. ఇలాంటిది అడగకుండా ఆన్ చేసి వదిలిన డిజైనర్ ఇంట్లో ఎవరూ పోలేదేమో.

నాకు టెన్షన్ పాట గురించి కాదు. ఇదివరకు మీరు ఒక్క ఫొటో ఏరి యాప్ చేతిలో పెట్టేవారు. ఇప్పుడు అదే ఏరుతానంటోంది. ఏరాలంటే అన్నీ చూడాలి కదా! అప్‌డేట్ కాగానే మొదటి స్క్రీన్‌లో 'అన్ని ఫొటోలకు అనుమతి' అడిగి ఉంటుంది, మీరు చదవకుండా నొక్కేసి ఉంటారు. ఒక్కసారి మీ గ్యాలరీ కిందికి జరిపి చూడండి. జెరాక్స్ షాపుకి పంపిన ఆధార్ రెండు వైపులా, పాస్‌బుక్ మొదటి పేజీ, ఒడిశా రేషన్ కార్డు, శ్రీకాకుళంలో చదివే పిల్లాడి సర్టిఫికెట్లు. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఫొటోలోనే దాగి ఉంటాయి. ఇవన్నీ ఆ కంపెనీ సర్వర్‌కి ఎక్కితే, రేపు అక్కడ చోరీ జరిగితే పోయేది పాటలు కాదు.

సెట్టింగ్స్‌లో ఆ యాప్ అనుమతులు తెరిచి, ఫొటోల దగ్గర 'ఎంచుకున్నవి మాత్రమే' పెట్టండి. ఆండ్రాయిడ్ 14 నుంచి, ఐఫోన్‌లో అయితే 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఈ సదుపాయం ఉంది. అంతకన్నా పాత ఫోనైతే అనుమతి పూర్తిగా తీసేయండి. కానీ దీంతో ఆగేది ఇకపై జరిగేదే. ఇప్పటికే ఎక్కినవాటిని యాప్ లోపల అకౌంట్ భాగంలోకి వెళ్లి విడిగా చెరపాలి. గ్యాలరీలోని ఆధార్ ఫొటో కూడా తీసేయండి. చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ (UIDAI) సైట్‌లో దొరుకుతుంది, చాలాచోట్ల అది సరిపోతుంది.

ఇక ఒడియా పాటలు. పర్లాకిమిడి ఎటు పోవాలన్నది 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పెద్ద గొడవే. ఈ యాప్ మీ లొకేషన్ చూసి ఒక్క క్షణంలో తేల్చేసినట్టుంది! కూతవేటు దూరంలో ఆంధ్రలో ఉన్న పాతపట్నం వెళ్లి నిలబడితే తెలుగు పాటలు వస్తాయేమో. బజారులో ఒకే మనిషి ఒకే బేరంలో రెండు భాషలు మాట్లాడే ఊళ్లు ఉంటాయని వీళ్లకి ఎవరు చెప్పాలి? ఫోన్ భాష తెలుగని సెట్టింగ్స్‌లో రాసి ఉన్నా చూడరు. లొకేషన్ అనుమతి తీసేసి, యాప్‌లో భాష మీరే ఎంచుకోండి.

ఒక్క జాగ్రత్త. గుణుపురం నుంచి ఒకావిడ, ఆగిపోయిన నౌపడా చిన్న రైలు ఫొటోకి వాళ్లమ్మ పాడిన జోలపాట జతచేసుకున్నారు. ఆ పాట యాప్‌లోనే రికార్డ్ చేశారట. యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే బాగవుతుందా అని అడిగారు. తీసేస్తే యాప్ సొంత ఫోల్డర్‌లో ఉన్నదంతా దానితోపాటే పోతుంది, ముందు ఆ పాటని డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి అని వెంటనే జవాబిచ్చాను. ఆవిడ మళ్లీ రాయలేదు.