స్విచ్ పట్టుకుని అమెరికా బయల్దేరిన అబ్బాయికి

నానీ,

నింటెండో స్విచ్, అదే నీ గేమ్ కన్సోల్, కూడా తెచ్చుకుంటున్నావని, దారిలో ఎయిర్‌పోర్టుల్లో ఫ్రీ వైఫై ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్‌లో ఆడుకుంటూ వస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. తెచ్చుకో, తప్పేం లేదు. ముందు దాన్ని చెక్-ఇన్ పెట్టెలోంచి తీసి చేతిబ్యాగులో పెట్టు. బ్యాటరీ ఉన్న వస్తువుకు పచ్చళ్ల సీసాల పక్కన చోటు కాదు. ఇక వైఫై సంగతి. ఏళ్ల తరబడి నెట్‌వర్కుల మీదే బతుకుతున్నవాణ్ణి కాబట్టి నా మాట విను. అందరూ వాడే వైఫైని డౌన్‌లోడ్లకు వాడుకో, ఆటకు మాత్రం దాన్ని నమ్ముకోకు.

మొదటి చిక్కు, పబ్లిక్ వైఫైకి కలవగానే వచ్చే లాగిన్ పేజీ దగ్గరే వస్తుంది. స్విచ్‌లో ఫోన్‌లో ఉన్నట్టు బ్రౌజర్ ఉండదు. అలాంటి నెట్‌వర్క్‌కు కనెక్ట్ చేస్తే ఆ పేజీని అదే తెరిచి చూపిస్తుంది. అందులో నంబరు కొట్టి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎక్కించాలి. మన దేశంలో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. బయటి ఎయిర్‌పోర్టులో దిగాక రోమింగ్ లేకపోతే ఆ ఓటీపీ రాదు. మన పిల్లలు సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు దీనికి తిరగేసిన కష్టం. రైల్వే స్టేషన్లలో రైల్‌వైర్ వైఫై రోజూ మొదటి అరగంట ఉచితమే, కానీ ఇండియా నంబరు ఉండాలి. అమ్మమ్మ ఫోన్ అడుక్కోవలసిందే.

లాగిన్ అయ్యాక అసలు కథ మొదలవుతుంది. స్పీడు బ్రహ్మాండంగా చూపిస్తుంది, ఆటలోకి వెళ్తే మాత్రం కమ్యూనికేషన్ ఎర్రర్. ఎందుకంటే మారియో కార్ట్ 8 డీలక్స్, స్మాష్, స్ప్లటూన్ లాంటివాటిలో ఆట నడిచేది మధ్యలో ఉన్న సర్వర్ మీద కాదు, కన్సోళ్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. పబ్లిక్ వైఫై పెట్టేవాళ్లు భద్రత కోసం బయటినుంచి వచ్చేవాటికి తలుపులు బిగించేస్తారు. ఒకే వైఫైలో ఉన్న రెండు పరికరాలను కూడా ఒకదానికొకటి కనబడనివ్వరు చాలాచోట్ల. వాళ్లు చేసింది సరైన పనే, నీ ఆటకే అది గిట్టదు.

అందుకే ఆడబోయే ముందు సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ కింద టెస్ట్ కనెక్షన్ నొక్కు. డౌన్‌లోడ్ స్పీడు వైపు చూడకు, నాట్ టైప్ చూడు. నీ కన్సోల్ బయటి కన్సోళ్లతో నేరుగా ఎంత సులువుగా కలవగలదో చెప్పే గ్రేడు అది. ఏ గానీ బీ గానీ ఉంటే దర్జాగా ఆడుకో. సీ అయితే కొందరితో కలుస్తుంది, కొందరితో కలవదు. డీ అని వస్తే ఆ పూటకు ఆన్‌లైన్ మర్చిపోయి ఒంటరిగా ఆడుకునే ఆటేదో తెరువు. మొండికేసి ప్రయత్నిస్తే నీ ఒక్కడికే కాదు నష్టం, అవతల ఆడేవాళ్ల స్క్రీన్ మీద కూడా నీ బండి ఎగిరెగిరి పడుతుంది. స్ప్లటూన్‌లో అయితే మాటిమాటికీ మధ్యలో తెగిపోతుంటే కాసేపు ఆడనివ్వకుండా ఆపేస్తారు.

ఈ బాధలు కొత్తవేం కాదులే. 2005 నవంబరులో నింటెండో పాత చేతి కన్సోల్ డీఎస్‌లో, మారియో కార్ట్ డీఎస్ ఆటతో నింటెండో వైఫై కనెక్షన్ అనే ఆన్‌లైన్ సర్వీసు మొదలైనప్పుడు అమెరికాలో మెక్‌డొనాల్డ్స్‌లో డీఎస్‌కు ఉచితంగా కనెక్షన్ ఇచ్చారు. ఫ్రైస్ నములుతూ ప్రపంచంలో ఎవడితోనో పందెం కట్టడం అప్పట్లో పెద్ద వింత. ఆ డీఎస్‌కు వెప్ అనే పాతకాలపు వైఫై తాళం తప్ప, దానికన్నా గట్టిదైన డబ్ల్యూపీఏ తెలియదు. దాని కోసం ఇంట్లో రౌటర్ తాళం సడలించుకున్న మహానుభావులున్నారు. ఆ సర్వీసును 2014 మేలో మూసేశారు.

నీకు ఎక్కువ అవసరమయ్యేది క్యాంపస్ సంగతి. చాలా యూనివర్సిటీల్లో ఎడ్యురోమ్ అనే వైఫై ఉంటుంది, నీ యూనివర్సిటీ ఐడీ, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వాలి. ఫోన్, ల్యాప్‌టాప్ చక్కగా కలుస్తాయి. స్విచ్ మాత్రం కలవదు, ఆ రకం లాగిన్ దానికి రాదు. నీ దగ్గరేదో లోపం ఉందనుకుని టెన్షన్ పడకు. ఐటీ హెల్ప్ డెస్క్‌కు వెళ్లి, గేమ్ కన్సోల్ రిజిస్టర్ చేసుకోవడం ఎలా అని అడుగు. వాళ్లు మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు, అడుగుతారు. అది సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ పేజీలోనే కనబడుతుంది, రెండేసి చొప్పున ఆరు జతలు. రాసుకునేటప్పుడు చూసుకో, అందులో అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే ఉంటాయి. గుండ్రంగా కనబడేది సున్నా, ఓ కాదు. అది తప్పు కొట్టి వైఫై రావడం లేదని మళ్లీ లైన్లో నిలబడేవాళ్లు బోలెడు. స్టీమ్ డెక్ అనే వేరే చేతి కన్సోల్ ఉన్న స్నేహితులకు ఇంత తిప్పలు ఉండదు, డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్తే అది మామూలు కంప్యూటరే. నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఇవేవీ అక్కర్లేదు, సొంత రౌటర్ ఉంటుంది.

బయట ఆడాలనిపిస్తే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకో. ఆటకు డేటా పెద్దగా అవ్వదు, డేటా మింగేవి డౌన్‌లోడ్లే. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అనేది ఆఫ్‌లో ఉంచు. లేదంటే హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలోకి దిగుతుంది, స్విచ్ కంట్రోలర్లయిన జాయ్‌కాన్లు, జనం హెడ్‌ఫోన్లు అన్నీ అక్కడే తోసుకుంటుంటాయి. ఫోన్ హాట్‌స్పాట్‌లోనూ కొన్నిసార్లు నాట్ టైప్ సరిగ్గా రాదు, టెస్ట్ చేసుకోవడం మానకు. ఇక్కడి చవక ప్లాన్లలో హాట్‌స్పాట్‌కు విడిగా లిమిట్ పెడతారు, సిమ్ తీసుకునేటప్పుడే అడుగు.

పక్కన స్నేహితుడి దగ్గరా స్విచ్ ఉంటే ఇంటర్నెట్టే వద్దు. లోకల్ వైర్‌లెస్‌లో మారియో కార్ట్ ఎనిమిది మందిదాకా ఆడొచ్చు. ఒక్కటే మెలిక, లోకల్ ఆట మొదలవగానే బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తెగిపోతాయి. వైరున్నవి ఒక జత వేసుకో.

ఇంకొకటి, ఏ వైఫై లాగిన్ పేజీ అయినా నింటెండో పాస్‌వర్డో, కార్డు నంబరో అడిగితే అక్కడే మూసెయ్. వైఫైకి వాటితో పని లేదు. ఎయిర్‌పోర్ట్ పేరుకు కాస్త అటూ ఇటూగా పేరు పెట్టి కూర్చునే దొంగలుంటారు. నింటెండో ఖాతాకు టూ-స్టెప్ వెరిఫికేషన్ ఇప్పుడే పెట్టుకో, ఇక్కడికొచ్చాక చేద్దామనుకోకు.

బయల్దేరే ముందురోజు ఇంట్లోనే ఆటలన్నీ అప్‌డేట్ చేసెయ్. స్విచ్‌లో నిన్ను స్నేహితుడిగా చేర్చుకోవడానికి వాడే నీ ఫ్రెండ్ కోడ్ మీ చెల్లికి పంపు, నువ్వు రాకముందే పందెం కాస్తానంటోంది.

మీ బాబాయి