అయివారిని అడగండి: ఊపు మీదున్న చెయ్యి

పోయిన నెల ఈ పేజీలో అమెరికా ఆటగాడు క్లే థాంప్సన్ ఒక్క క్వార్టర్లో, అంటే ఆటలో నాలుగో వంతు 12 నిమిషాల్లో, 37 పాయింట్లు కొట్టిన సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశాను. దాంతో ఈసారి ఉత్తరాలన్నీ బాస్కెట్‌బాల్ మీదే. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, తిరుపతిలో సాయంత్రం ఎక్కడ మ్యాచ్ జరిగినా స్కోరుబల్ల దగ్గర కుర్చీ వేయించుకునేవాణ్ణి. నాకిదేం బరువు కాదు. గ్రహాల గురించి అడిగినవాళ్ళు మాత్రం వచ్చే నెల దాకా ఆగాలి.

అయివారికి నమస్కారం. డిగ్రీ రెండో ఏడు, కాలేజీ టీములో ఆడతాను. మీరు రాశాక థాంప్సన్ క్వార్టర్ వీడియో వెతికి చూశాను. మా సీనియర్ ఒకడు “ఊపూ లేదు గీపూ లేదు, అంతా బొమ్మా బొరుసే, సైంటిస్టులు ఎప్పుడో తేల్చేశారు” అంటాడు. నాకైతే వరసగా నాలుగు పడితే ఐదోది చేతిలో ఉండగానే తెలిసిపోతుంది. ఎవరిది రైటు? – విద్యార్థి, తిరుపతి

నాయనా, మీ సీనియర్ చదివింది సగమే. మిగతా సగం తర్వాత వచ్చింది, దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ క్వార్టర్ సంగతి చూద్దాం.

2015 జనవరి 23. థాంప్సన్ టీము గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కూ శాక్రమెంటో కింగ్స్‌కూ ఆట. మూడో క్వార్టర్లో థాంప్సన్ 13 షాట్లు వేశాడు, 13 పడ్డాయి. అందులో 9 త్రీలు, అంటే దూరపు గీత అవతల నుంచి వేసే మూడేసి పాయింట్ల షాట్లు. పైన రెండు ఫ్రీ త్రోలు (ఎదుటివాళ్ళ ఫౌల్‌కు దొరికే ఒక్కో పాయింటు షాట్లు), అవీ పడ్డాయి. మొత్తం 37. అంతకు ముందు ఒక క్వార్టర్ రికార్డు 33. అది 1978లో జార్జ్ గెర్విన్ పెట్టింది, 2008లో కార్మెలో ఆంథొనీ వచ్చి దాని పక్కన నిలబడ్డాడు. ఆట ముగిసేసరికి థాంప్సన్ ఖాతాలో 52.

ఇప్పుడు పెన్సిల్ తీసుకో. ఆ సీజన్లో అతను వేసిన త్రీల్లో నూటికి 44 పడేవి. ఊపు అనేదే లేదు, ప్రతి షాటూ దేని దారి దానిదే అనుకుంటే, తొమ్మిదికి తొమ్మిది పడే అవకాశం 0.44ను తొమ్మిదిసార్లు గుణిస్తే వస్తుంది. అది దాదాపు 1,600లో ఒకటి. మిగిలిన నాలుగు టూలు, అంటే రెండేసి పాయింట్ల షాట్లు, సగం పడతాయి, సగం పోతాయి అనుకుందాం. నాలుగూ పడే అవకాశం 16లో ఒకటి. రెండూ కలిపితే సుమారు 26 వేలలో ఒకటి.

వినడానికి పెద్ద సంఖ్యే. కానీ వీళ్ళాడే అమెరికా లీగు ఎన్‌బీఏలో ఒక సీజన్‌కు 1,230 ఆటలు, ఆటకు నాలుగు క్వార్టర్లు, రెండేసి టీములు. ఏళ్ళ తరబడి అన్ని క్వార్టర్లు ఆడుతూ పోతే 26 వేలలో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఎవడికో ఒకడికి తగలాల్సిందే. నన్ను ఆపింది ఆ సంఖ్య కాదు. ఒక్క మనిషి 12 నిమిషాల్లో 13 షాట్లు ఎట్లా వేశాడన్నది. ఒక క్వార్టర్లో టీము మొత్తం వేసేవే ఇరవై చిల్లర. అంటే సగానికి పైగా ఇతనివే. మిగతా నలుగురు తమ షాట్లు మానుకుని బంతి తెచ్చి అతని చేతిలో పెడితే తప్ప ఇది కుదరదు. ఆ వీడియో మళ్ళీ చూడు, ఈసారి థాంప్సన్‌ను వదిలేసి మిగతావాళ్ళను చూడు.

నమ్మకం కుదరకపోతే 2016 డిసెంబరు 5 తీసుకో. ఇండియానా పేసర్స్ మీద అదే థాంప్సన్ 29 నిమిషాలే ఆడి 60 పాయింట్లు కొట్టాడు. ఆ 29 నిమిషాల్లో అతను బంతిని నేలకు కొట్టింది మొత్తం 11 సార్లు. బంతి అతని చేతిలో ఉన్నది దాదాపు ఒకటిన్నర నిమిషం. పట్టుకోవడం, వేయడం, అంతే. తక్కిన పనంతా పక్కవాళ్ళ పరుగుల్లో, అడ్డం నిలబడ్డ భుజాల్లో ఉంది. మన గ్రౌండ్లో కుర్రాళ్ళు ఆ 60 గురించి గంట మాట్లాడతారు, ఆ 11 గురించి ఒక్కడూ మాట్లాడడు.

ఇక సైంటిస్టులు. 1985లో గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ అనే ముగ్గురు ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ షాట్లు ఒక్కొక్కటీ వరసక్రమంలో రాసుకుని చూశారు. ఒక షాట్ పడ్డాక తర్వాతది పడిన శాతం 51, పోయాక పడిన శాతం 54. ఊపు మీద ఆడతాడని పేరు పడ్డ ఆండ్రూ టోనీ వరసలో కూడా ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు. ఊపు అనేది మన కళ్ళు కల్పించుకున్నదేనని తేల్చారు. మీ సీనియర్ అక్కడ పుస్తకం మూశాడు.

2018లో మిల్లర్, సంజుర్జో అనే ఇద్దరు ఆ లెక్కలోనే ఒక మెలిక ఉందని చూపించారు. ముప్పై ఏళ్ళు ఎవరికీ కనపడని మెలిక, చూపిస్తే ఇంటర్ పిల్లాడికి కూడా అర్థమవుతుంది. సగం పడి సగం పోయే ఆటగాణ్ణి తీసుకో, మూడు షాట్లు వేయించు. ఎనిమిది రకాలుగా జరగొచ్చు. మనకు కావలసింది ‘పడ్డ షాట్ తర్వాత వేసినవాటిలో ఎంత శాతం పడ్డాయి’ అన్నది. పోయి–పోయి–పడి, పోయి–పోయి–పోయి అన్న రెండింటిలో పడ్డ షాట్ తర్వాత వేసిందే లేదు, వాటిని పక్కన పెట్టు. ఆరు మిగిలాయి. పడి–పడి–పడి అయితే నూరు శాతం. పోయి–పడి–పడి కూడా నూరే. పడి–పడి–పోయి అయితే యాభై. తక్కిన మూడూ సున్నా. మొత్తం 250, ఆరుతో భాగించు. దాదాపు 42.

సగం సగం పడేవాడికి 50 రావాలి కదా? రాలేదు. ఊపు ఏమాత్రం లేనివాడు కూడా ఈ కొలతలో ‘పడ్డాక తగ్గిపోయేవాడి’లా కనిపిస్తాడు. వంద షాట్లు వేయించి, వరసగా మూడు పడ్డాక నాలుగోదాన్ని చూసినా 50 రాదు, 46 దగ్గర ఆగుతుంది. 1985 వాళ్ళే కాలేజీ ఆటగాళ్ళ చేత తలా వంద షాట్లు వేయించి చూశారు. వరసగా మూడు పడ్డాక 49 శాతం, మూడు పోయాక 45 శాతం వచ్చింది. తేడా ఏముంది అనుకున్నారు. మెలిక సరిచేసి చూస్తే ఆ చిన్న తేడా పది శాతం పాయింట్లు దాటుతుంది. బాస్కెట్‌బాల్లో అది చిన్న విషయం కాదు.

అసలు మ్యాచుల్లో ఇంకో చిక్కు. రెండు పడగానే ఎదుటివాళ్ళు మీద పడతారు, మనవాడు కూడా తెగించి దూరం నుంచి వేస్తాడు. షాటే కష్టమైపోయాక శాతం అక్కడే నిలిచినా అది ఊపు కిందే లెక్క. అందుకని నీ మాటలో నిజముంది, కానీ నువ్వనుకున్నంత లేదు. ‘తెలిసిపోతుంది’ అన్నావు కదా, దానికి పరీక్ష ఉంది. ప్రాక్టీసులో షాట్ వేసే ముందు ‘పడుతుంది’ అనో ‘ఏమో’ అనో పైకి చెప్పు, పక్కన ఒకణ్ణి కూర్చోబెట్టి రాయించు. పడితే నిలువు గీత, పోతే సున్నా, వరస తప్పకుండా. చివర్లో మొత్తం వేసుకుంటే సరిపోదు, వరస కావాలి. ఆ కాగితం నాకు పంపు.

సార్, చిత్తూరు దగ్గర హైస్కూల్లో పీడీ టీచర్ని. మా అమ్మాయిల టీములో ఒకమ్మాయికి వరసగా రెండు మూడు పడితే చాలు, అందరూ బంతి ఆమెకే ఇస్తారు. ఇవ్వనివ్వాలా, ఆపాలా? – వ్యాయామ ఉపాధ్యాయిని, చిత్తూరు

ఇవ్వనివ్వండమ్మా, ఎదుటివాళ్ళు ఇద్దరు వచ్చి ఆమె మీద పడేదాకా. ఇద్దరు ఆమె దగ్గరుంటే ఇంకెక్కడో ఒకమ్మాయి ఖాళీగా ఉంటుంది, బంతి అక్కడికి పోవాలి. ఊపు మీదున్న పిల్ల వల్ల టీముకు వచ్చే పెద్ద లాభం అదే.

దీనికి తిరగేసిన ప్రశ్న మీరు అడగలేదు, నేనే వేసుకుంటాను. పడని పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టాలా? 2018 అక్టోబరులో థాంప్సన్ సీజన్ మొదలుపెట్టిన తీరు చూడండి. మొదటి ఏడు ఆటల్లో 36 త్రీలు వేస్తే పడినవి ఐదు. మన దగ్గరైతే అప్పటికే “వాడి పని అయిపోయింది” అనేవాళ్ళు. ఎనిమిదో ఆట, అక్టోబరు 29, చికాగోలో. 14 త్రీలు పడ్డాయి, అది ఎన్‌బీఏలో ఒక ఆట రికార్డు. అతనికి నిజంగా చెయ్యి వచ్చునని కోచ్‌కు ఏళ్ళ తరబడి తెలుసు కాబట్టి ఆ ఐదును పట్టించుకోలేదు. మీ అమ్మాయి సంగతి మీకు ఏడాది పొడవునా తెలుసు కదా, ఈ శనివారం ఆట చూసి మార్చుకోకండి.

వారియర్స్ ఆటగాడు స్టీఫెన్ కర్రీకి వరసగా 268 ఆటల్లో కనీసం ఒక త్రీ పడిందని చదివాను. ఇది థాంప్సన్ దానికన్నా పెద్ద అద్భుతం కాదా? – ప్రైవేటు ఉద్యోగి, పలమనేరు

కాదండీ. మీరు ఒప్పుకోరని తెలుసు, లెక్క చూడండి. కర్రీ ఆటకు 11 త్రీలు వేస్తాడు, నూటికి 42 పడతాయి అనుకుందాం. 11కి 11 పోవాలంటే 0.58ను పదకొండుసార్లు గుణించాలి. 400లో ఒకటి. అంటే సగటున 400 ఆటలకోసారి సున్నా. దెబ్బ తగిలి మధ్యలో లేచిపోయే ఆటలు, తక్కువ షాట్లు వేసే ఆటలు ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకాస్త తరచుగానే వస్తుంది. 2018 డిసెంబరు నుంచి 2023 డిసెంబరు 17 దాకా సాగి, పోర్ట్‌లాండ్‌లో 8కి 8 పోయి ఆగిన ఆ 268, కర్రీకి మామూలు రోజుల కూడిక. ఆటకు ఐదు త్రీలు వేసి నూటికి 36 పడేవాణ్ణి తీసుకుంటే, తొమ్మిది పది ఆటలకోసారి సున్నా తప్పదు. వాడు 268 కొడితే నేను అలిపిరి మెట్లెక్కి వెళ్ళి గుండు కొట్టించుకుంటాను. కర్రీలో ఆశ్చర్యమంతా ఆ 11, ఆ 42 దగ్గరుంది.

కర్రీ పాత వరస, 157 ఆటలది, 2016 నవంబరు 4న తెగింది. లేకర్స్ మీద 10కి 10 పోయాయి. ఆ వెంటనే ఆడిన ఆటలో, నవంబరు 7న, 13 త్రీలు పడి అప్పటి రికార్డు పెట్టాడు. టీవీ వ్యాఖ్యాతలు దీన్ని పగ, పట్టుదల అని కథ అల్లుతారు. నాకు అల్లబుద్ధి కాదు.

నిజంగా నోరు తెరవాల్సిన వరస కావాలంటే మైకేల్ విలియమ్స్ అని మిన్నెసోటా ఆటగాడు, పెద్దగా పేరున్నవాడు కాదు. 1993లో అతనివి వరసగా 97 ఫ్రీ త్రోలు పడ్డాయి. ఎదురు నిలబడేవాడు లేడు, గీత ఎప్పుడూ 15 అడుగుల దూరమే, కష్టం మారదు కాబట్టి లెక్క శుభ్రం. నూటికి 90 వేసే మంచి ఆటగాడికి కూడా వరసగా 97 పడే అవకాశం సుమారు 27 వేలలో ఒకటి.

ట్రేసీ మెక్‌గ్రేడీ ఇందుకు సరిగ్గా తిరగబడ్డ రకం. 2004 డిసెంబరు 9న హ్యూస్టన్ తరఫున చివరి 35 సెకన్లలో 13 పాయింట్లు కొట్టి శాన్ ఆంటోనియోను 81–80తో ఓడించాడు. నాలుగు త్రీలు, ఒక ఫ్రీ త్రో. నూటికి 33 వేసేవాడికి నాలుగు త్రీలు వరసగా పడటం 80 చిల్లరలో ఒకటి, ప్రాక్టీసులో రోజూ చూస్తాం. కానీ 35 సెకన్లలో నాలుగుసార్లు బంతి ఒకడి చేతికి రావడం ఎక్కడ చూశారు? ఆఖరుసారి ఎదుటి ఆటగాడు కాలు జారితే వచ్చింది.

ఆట గురించి కాదు, ఏమనుకోకండి. తిరుమల సుప్రభాత సేవకు ఆన్‌లైన్ డిప్‌లో నెలనెలా పేరు వేస్తున్నాను, రావడం లేదు. ఇన్నిసార్లు రాలేదు కాబట్టి ఈసారి వచ్చే అవకాశం పెరుగుతుందా? – గృహిణి, శ్రీకాళహస్తి

పెరగదమ్మా, తగ్గదు కూడా. ఏ నెల డిప్ ఆ నెలదే. నెలనెలా వేస్తూ పోతే ఏదో ఒకసారి వచ్చే అవకాశం పెరుగుతుంది, అది వేరే లెక్క. వేయండి.

విల్ట్ చాంబర్లిన్ ఒక్క ఆటలో 100 పాయింట్లు వేశాడంటారు. వీడియో ఒక్కటీ దొరకదు. నమ్మాలా? – పాత ఆటగాడు, పుత్తూరు

నమ్మండి సామీ. 1962 మార్చి 2, హెర్షీ అనే చిన్న ఊళ్ళో, నాలుగు వేల చిల్లర జనం ముందు. టీవీలో రాలేదు, చివరి క్వార్టర్ రేడియో వ్యాఖ్యానం మాత్రం మిగిలింది. స్కోరు షీటు ఉంది, నాబోటివాడికి అది చాలు. 63 షాట్లు వేస్తే 36 పడ్డాయి. ఆ 63 చూసి మళ్ళీ నేను చెప్పిందే గుర్తు చేసుకోండి, అన్ని షాట్లు వేయనిచ్చింది ఎవరు? చివర్లో టీమంతా బంతి అతనికే అందించింది.

ఆ షీటులో నాకు నచ్చిన గడి వేరే ఉంది. ఫ్రీ త్రోలు 32కి 28. ఆయన జీవితమంతా కలిపి చూస్తే ఫ్రీ త్రోల్లో సగం పోగొట్టినవాడు. ఆ సీజన్లో కొంచెం మేలు, నూటికి 61. ఆ 61తో 32కి 28 రావడం వెయ్యిలో ఒకటి లాంటి సంగతి. ఆ ఏడు ఆయన రెండు చేతులతో మోకాళ్ళ దగ్గర్నుంచి పైకి విసిరేవాడు, పిల్లలు విసిరినట్టు. తర్వాత మానేశాడు. చూసేవాళ్ళకు నవ్వులాటగా ఉందని.