పాడి రైతుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు: ఎండాకాలంలో ఆవుకు ఈస్ట్

ప్రశ్న: మాకు 6 హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర జాతి ఆవులున్నాయి. మార్చి నెలాఖరు నుంచి అవి మేత సరిగా తినడం లేదు. పాలు తగ్గడమే కాక, పాల కేంద్రంలో వెన్న శాతం కూడా పడిపోతోంది. ఈస్ట్ పొడి చలువ చేస్తుందని చెప్పి దుకాణంలో ఒక పొట్లం ఇచ్చారు. 10 రోజులుగా ఉదయం వేడి కుడితిలో కలిపి పెడుతున్నాము, తేడా కనిపించలేదు. కొనసాగించమంటారా, మానేయమంటారా?
– ఒక పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మానేయవద్దు, అయితే వాడే తీరు మార్చండి. ఈస్ట్ చలువ మందు కాదు, అదొక సూక్ష్మజీవి. అది పనిచేసేది ఆవు పెద్ద పొట్టలో. ఎండ వల్ల అక్కడ జరిగే నష్టమేమిటో తెలిస్తే దాని నుంచి ఎంత ఆశించవచ్చో మీకే అర్థమవుతుంది.

పీచు అరిగేటప్పుడు ఒంట్లో వేడి ఎక్కువగా పుడుతుంది కనుక ఎండ ముదిరే కొద్దీ ఆవు ముందుగా ఎండుగడ్డిని వదిలేసి, దాణాకు మాత్రమే మూతి పెడుతుంది. నెమరు తగ్గుతుంది. పొట్టలోని పులుపును విరిచే సోడా గుణమున్న లాలాజలం, రొప్పుతున్నప్పుడు చొంగగా కారి నేలపాలవుతుంది. పైగా అదేపనిగా రొప్పడం వల్ల లాలాజలానికి ఆ సోడా గుణాన్నిచ్చే బైకార్బొనేట్ కూడా రక్తం నుంచి మూత్రంలో పోయి, లాలాజలానికి అందేది తగ్గిపోతుంది. ఇలా పొట్టలో పులుపు పెరిగి, పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. మీ పాలలో వెన్న తగ్గడానికి చాలావరకు ఇదే కారణమై ఉంటుంది.

శాకరోమైసెస్ సెరవిసియే అనే ఈ ఈస్ట్, మేతతోపాటు పొట్టలోకి చేరే కొద్దిపాటి ఆక్సిజన్‌ను తాను వాడేసుకొని, గాలి సోకితే బతకలేని పీచు సూక్ష్మజీవులకు అనువైన చోటు కల్పిస్తుంది. పొట్టలో పులుపు పెంచే లాక్టిక్ ఆమ్లాన్ని తినే బాక్టీరియాకు కూడా ఊతమిస్తుంది. అయితే అది పొట్టలో స్థిరంగా నిలిచి పెరగదు కాబట్టి రోజూ అందించవలసిందే. ఫలితం తేలడానికి 2 నుంచి 3 వారాలు పడుతుంది. కనుక వచ్చే ఏడాది ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి చివరి వారంలోనే మొదలుపెట్టండి.

మీరు చేసిన పొరపాటు వేడి కుడితి. చెయ్యి పెట్టలేనంత వేడిలో కలిపితే ఈస్ట్ కణాలు అక్కడికక్కడే చచ్చిపోతాయి. పొడిని గుప్పెడు తవుడులో కలిపి, ఆ తవుడును దాణాపై చల్లండి. పొట్లాన్ని రేకుల కొట్టంలో ఉంచకుండా, మూత బిగించిన డబ్బాలో పోసి ఇంట్లో చల్లని చోట పెట్టండి. పొట్లంపై సజీవ ఈస్ట్ అని ఉందా, గ్రాముకు ఎన్ని జీవకణాలున్నాయో రాశారా, గడువు తేదీ దాటలేదు కదా అని చూడండి. ఆవుకు రోజుకు సాధారణంగా 1,000 కోట్ల నుంచి 2,000 కోట్ల జీవకణాలు అందాలి. ఒక్కో పొడిలో వీటి సంఖ్య ఒక్కో రకంగా ఉంటుంది కనుక పక్కింటివారు 10 గ్రాములు వేస్తున్నారని మీరూ అంతే వేయడం సరికాదు.

ఎంత బాగా వాడినా పెరిగే పాలు ఆవుకు రోజుకు లీటరుకు అటూ ఇటూగానే ఉంటాయి, ఒక్కోసారి అదీ ఉండదు. అందుకే ఈస్ట్‌కు డబ్బు పెట్టేముందు నీళ్ల సంగతి చూడమని ప్రతి రైతునూ వేడుకొంటాను. పాలిచ్చే ఆవు వేసవిలో రోజుకు 80 నుంచి 100 లీటర్ల నీళ్లు తాగుతుంది. రాత్రిపూట తొట్టి ఖాళీగా ఉంటే ఏ పొడీ దానిని ఆదుకోలేదు. మేతలో ఎక్కువ భాగాన్ని తెల్లవారకముందు, పొద్దుగూకిన తరువాత వేయండి. వేరుశనగ కట్టెను పచ్చిమేతతో కలిపి ఇవ్వండి, కానీ మరీ పొడి చేయవద్దు. దాణాలో పూటకు 30 నుంచి 40 గ్రాముల వంటసోడా కలపండి.

గుణం కనిపిస్తోందో లేదో ఆవే చెబుతుంది. మధ్యాహ్నం 2 గంటలకు గడియారం పట్టుకొని, డొక్క ఎన్నిసార్లు ఎగిసిపడుతోందో ఒక నిమిషం లెక్కపెట్టండి. 60 దాటితే వడ ఒత్తిడి ఉన్నట్లు, 80 దాటితే వెంటనే ఒళ్లు తడిపి ఫ్యాను పెట్టాలి. ఇది ఈస్ట్ తీర్చే పని కాదు. ఈస్ట్ పనితనం పేడలో చూడాలి: బుడగలతో, నురగతో, అరగని మొక్కజొన్న నూకతో పలచగా పడే పేడ కాస్త గట్టిపడాలి. పడుకొని ఉన్న మీ 6 ఆవులలో కనీసం 3 నెమరు వేస్తూ కనిపించాలి. తెల్లవారుజామున చల్లని వేళ కూడా 104 డిగ్రీల జ్వరం ఉంటే అది ఎండ దెబ్బ అనుకోవద్దు. మన సంకర ఆవులకు పిడుదుల వల్ల వచ్చే థైలీరియా కావచ్చు, రక్తపరీక్ష చేయించండి.

ప్రశ్న: బేకరీలో వాడే ఈస్ట్ చౌకగా దొరుకుతోంది. దానినే పెట్టవచ్చా? బీరు తయారీలో మిగిలే పిప్పిలో కూడా ఈస్ట్ ఉంటుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి

జవాబు: బేకరీ ఈస్ట్ జాతి అదే అయినా, పశువుల కోసం ఎంపిక చేసిన రకాలు పొట్టలోని పరిస్థితులను తట్టుకొని పనిచేసేవి. పిండిని పొంగించేందుకు తీసిన రకం నుంచి అదే ఫలితం వస్తుందని నమ్మలేము, వద్దమ్మా. బీరు పిప్పి మంచి మాంసకృత్తులున్న మేతే కానీ సజీవ ఈస్ట్‌కు బదులు కాదు. తడి పిప్పి వేసవిలో 2, 3 రోజులకే బూజు పడుతుంది. తెచ్చిన రోజు, మరునాడు వాడగలిగినంతే తెచ్చుకోండి. పైన తెల్లని తెట్టు కడితే ఆ పొరను తీసేసి మిగిలినది పెట్టడం కాదు, మొత్తం పారబోయండి.