సీసం లేని రాగి బుల్లెట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: .308 విన్‌చెస్టర్ రైఫిల్‌లో ఇన్నాళ్లూ 165 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) సీసపు బుల్లెట్ వాడాను. రాగికి మారుతున్నాను. అదే బరువు తీసుకోవాలా?

జవాబు: వద్దు, ఒక మెట్టు కిందికి దిగండి. జింకకు 150 గ్రెయిన్లు చాలు, 130 కూడా బాగా పనిచేస్తుంది. సీసపు బుల్లెట్‌లో ఎక్కువ బరువు కోరుకోవడానికి ఒక కారణం ఉంది. అది లోపలికి వెళ్తూ చిట్లిపోయి, బరువులో మూడో వంతో అంతకంటే ఎక్కువో దారిలోనే పోగొట్టుకుంటుంది. మీ 165లో చివరికి మిగిలేది 100, 115 గ్రెయిన్ల ముద్ద కావచ్చు. రేకులు (విచ్చుకున్న కొన చీలికలు) ఊడకుండా విచ్చుకునే రాగి బుల్లెట్ మామూలుగా 95 శాతం పైగా బరువు నిలుపుకుంటుంది. అంటే 150లో 140కి పైనే మిగులుతుంది. లోతుకు దిగే విషయంలో మీకు తరుగు ఏమీ ఉండదు.

రాగికి కావలసింది వేగం. సీసం మెత్తన కాబట్టి నెమ్మదిగా తగిలినా నలుగుతుంది, రాగి నలగదు. కొనలోని గుంటలోకి తడి కండ ఒత్తిడితో చొరబడి గోడలను బయటికి చీలిస్తేనే అది విచ్చుకుంటుంది. చాలా రాగి బుల్లెట్లకు ఈ పని జరగాలంటే తగిలే క్షణాన సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగుల వేగం ఉండాలి. బార్న్స్ ఎల్‌ఆర్‌ఎక్స్ లాంటి దూరపు రకాలు ఇంకా తక్కువ వేగానికే విచ్చుకుంటాయి. కొనేముందు తయారీదారు చెప్పే ఈ ఒక్క అంకె చూడండి. పెట్టె మీది మిగతా గొప్పలన్నీ దీని తర్వాతే.

ఒక లెక్క చూడండి. 150 గ్రెయిన్ల బుల్లెట్, జీ1 బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (గాలిని చీల్చుకుపోయే సామర్థ్యం చూపే అంకె) 0.415, గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 2,820 అడుగులు. 300 గజాల దగ్గర అది దాదాపు 2,180 ఉంటుంది, 400 గజాలకు 1,980కి పడిపోతుంది. 2,000 హద్దు ఉన్న బుల్లెట్ అయితే మీ గరిష్ఠ దూరం 390 గజాలు. పెట్టె మీద వేసే వేగం తరచు 24 అంగుళాల బ్యారెల్‌ది. మీది 20 అంగుళాలదైతే అంగుళానికి పాతిక అడుగుల చొప్పున దాదాపు వంద తగ్గుతుంది, గరిష్ఠ దూరం 340 గజాలకు దిగుతుంది. అందుకే క్రోనోగ్రాఫ్‌తో (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీ రైఫిల్ అసలు వేగం తెలుసుకోకుండా రెండు బుల్లెట్లను పోల్చడం వృథా.

ప్రశ్న: నా పాత .308 బ్యారెల్‌లో రైఫ్లింగ్ (బుల్లెట్‌ను తిప్పే లోపలి మెలిక గాడులు) 12 అంగుళాలకు ఒక చుట్టు. కొనలో గుంట మాత్రమే ఉన్న, ప్లాస్టిక్ కొన లేని 168 గ్రెయిన్ల రాగి బుల్లెట్ వేసవిలో కాగితం మీద గుండ్రని రంధ్రాలు చేసింది. గడ్డకట్టే చలిలో అదే పెట్టెలోవి అడ్డంగా పడిన గుర్తులు చేస్తున్నాయి. బుల్లెట్లలో లోపమా?

జవాబు: లోపం బుల్లెట్‌ది కాదు, దాని పొడవు మీ బ్యారెల్‌కు పడలేదు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, రాగిది 8.96. ఒకే వ్యాసంలో ఒకే బరువు కావాలంటే రాగి బుల్లెట్ పొడవు పెరగక తప్పదు. రైఫ్లింగ్ బుల్లెట్‌ను నిలబెట్టడంలో బరువుకంటే పొడవుకే పెద్ద పాత్ర.

దీన్ని అంచనా వేయడానికి మిల్లర్ సూత్రం ఉంది. గ్రెయిన్లలో బరువును 30తో గుణించండి. దాన్ని ఈ నాలుగింటి లబ్ధంతో భాగించండి: చుట్టు పొడవును వ్యాసంతో భాగిస్తే వచ్చినదాని వర్గం, అంగుళాల్లో వ్యాసం ఘనం, బుల్లెట్ పొడవును వ్యాసంతో భాగిస్తే వచ్చినది, ఆ చివరిదాని వర్గానికి ఒకటి కలిపితే వచ్చేది. ఫలితం 1 కంటే తగ్గితే బుల్లెట్ పల్టీలు కొడుతుంది, 1.5 దాటితే నిశ్చింత. మధ్యలో ఉంటే ఎగురుతుంది కానీ ఊగుతూ ఎగురుతుంది, గాలిలో వేగం తొందరగా పోతుంది.

మీ బుల్లెట్ పొడవు 1.42 అంగుళాలు అనుకుందాం. సముద్రమట్టంలో 15 డిగ్రీల వద్ద 12 అంగుళాల చుట్టుతో 1.1 వస్తుంది. అదే 10 అంగుళాల చుట్టుతో 1.6. ఇక చలి సంగతి. మైనస్ 15 డిగ్రీలకు గాలి పదకొండు, పన్నెండు శాతం చిక్కబడుతుంది, స్థిరత్వం ఆ మేరకు తగ్గుతుంది. మీ 1.1 కాస్తా 0.99 అవుతుంది. వేసవిలో సరిగా పోయిన బుల్లెట్ చలిలో తిరగబడటానికి ఇదే కారణం. ఎత్తైన కొండ ప్రాంతంలో గాలి పలచన కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది తక్కువ. కొండమీద కుదిరిందని లోయలో కూడా కుదురుతుందని నమ్మకండి.

మీ బ్యారెల్‌కు 130 గ్రెయిన్లది తీసుకోండి. పొడవు 1.17 అంగుళాలకు మించకపోతే 1.5 అందుతుంది. 1.3 అంగుళాల 150 గ్రెయిన్లది మీకు 1.28 ఇస్తుంది. పనిచేస్తుంది, కానీ వెసులుబాటు తక్కువ. పొడవు మీరే కాలిపర్‌తో కొలవండి. ప్లాస్టిక్ కొన ఉన్న బుల్లెట్ దొరికితే, ఆ కొన బరువు నామమాత్రం కాబట్టి మొత్తం పొడవుతో చేసిన లెక్క అసలుకంటే కాస్త తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి.

బ్యారెల్ చుట్టు ఎంతో తెలియనివారు ఇలా కొలుచుకోవచ్చు. రైఫిల్ ఖాళీ చేసి, పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతైన గుడ్డముక్క తొడిగి బోర్‌లోకి (బ్యారెల్ లోపలి రంధ్రంలోకి) తోయండి. రాడ్ మీద పెట్టిన గుర్తు ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు కదిలిందో అదే మీ చుట్టు.

ప్రశ్న: మూడు రకాల రాగి తూటాలతో మూడేసి గుండ్లు కాల్చాను. ఒకటి 0.7 అంగుళాల గ్రూపు (గుండ్ల రంధ్రాల మధ్య గరిష్ఠ దూరం) ఇచ్చింది. వారం తర్వాత అదే 1.4 ఇచ్చింది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మదగ్గవి కావు. రైఫిల్ ఏమీ మారకపోయినా మూడు గుండ్ల గ్రూపు ఒకసారి చిన్నదిగా, ఒకసారి పెద్దదిగా వస్తుంది. సగటున 10 గుండ్ల గ్రూపు మూడు గుండ్లదానికి 1.58 రెట్లు ఉంటుంది, అయిదు గుండ్లది 1.27 రెట్లు. అందుచేత ఒకదాని మూడు గుండ్లను ఇంకొకదాని అయిదుతో పోల్చడం కూడా తప్పే. ఒక్కో రకానికి 10 గుండ్లు, 100 గజాల దగ్గర, ఒకే రోజు. వరసగా ఒకే రకం కాల్చకుండా ఏ, బీ, సీ అని మార్చి మార్చి కాల్చండి. అప్పుడు బ్యారెల్ వేడి, గాలి, మీ అలసట మూడింటికీ సమానంగా పడతాయి. ఇలా చేశాక కూడా తేడా 0.2 అంగుళాలే వస్తే ఆ రెండూ సమానమని అనుకోండి, విచ్చుకునే వేగాన్ని బట్టి ఎంచుకోండి.

ఇంకొక అనుమానం: ముందు సీసపు తూటాలు కాల్చిన బోర్‌లోనే రాగివి మొదలుపెట్టారా? పాత పూత మీద కొత్త లోహం పడితే మొదటి గుండ్లు చెదురుతాయి. రాగిని కరిగించే అమోనియా సాల్వెంట్‌తో బోర్‌ను ఉక్కు తేలేదాకా శుభ్రం చేయండి. ఇత్తడి జాగ్ (రాడ్ కొనన గుడ్డముక్కను పట్టి ఉంచేది), కంచు బ్రష్ వాడితే వాటి రాగే కరిగి గుడ్డ నీలంగా వస్తుంది, బోర్ ఇంకా మురికిగా ఉందని మోసపోతారు. నైలాన్ బ్రష్ వాడండి. శుభ్రం చేశాక పది పదిహేను గుండ్లు కాల్చి బోర్ కుదుటపడ్డాకే పరీక్ష మొదలుపెట్టండి.

ప్రశ్న: రాగి బుల్లెట్ బ్యారెల్‌ను త్వరగా అరగదీస్తుందా?

జవాబు: లేదు. సీసపు బుల్లెట్‌కు పైన ఉండే తొడుగు కూడా రాగి మిశ్రమమే. బ్యారెల్‌కు తగిలేది అదే.

ప్రశ్న: ఊపిరితిత్తుల గుండా సరిగ్గా తగిలినా జింక ఎనభై గజాలు పరుగెత్తి పడింది. రెండు వైపులా చిన్న రంధ్రాలే. బుల్లెట్ విచ్చుకోలేదా?

జవాబు: బహుశా విచ్చుకునే ఉంటుంది. బయటి రంధ్రం చూసి తేల్చకండి, ఊపిరితిత్తులు చూడండి. రెండు మూడు వేళ్లు పట్టేంత దారి, చుట్టూ రక్తం గడ్డకట్టిన కండ ఉంటే బుల్లెట్ తన పని చేసినట్లే. పెన్సిల్ మందం దారి మాత్రమే ఉంటే విచ్చుకోలేదు. అప్పుడు దూరం, వేగం లెక్క చూడండి.

చిట్లే సీసపు బుల్లెట్ ముక్కలుగా చెదిరి వెడల్పుగా నాశనం చేస్తుంది. నాలుగైదు రేకులుగా విచ్చుకునే రాగిది ఇరుకైన, లోతైన దారి చేసి అవతలి వైపు దాటిపోతుంది. మెత్తటి ఊపిరితిత్తుల్లో ఈ తేడా పరుగుగా కనిపిస్తుంది. అందుకే రాగితో గురిని జబ్బ వెనక కాకుండా జబ్బ మీదికే కొంచెం ముందుకు జరపండి. ఎముక రాగిని ముక్కలు చేయలేదు. ఎముక విరిగితే జంతువు అక్కడే కూలుతుంది. పోయేది కొద్దిపాటి ముందుకాలి మాంసం. పరుగెత్తినా, రంధ్రం రెండు వైపులా ఉంటుంది కనుక నెత్తుటి జాడ దొరుకుతుంది.

కావాలని రేకులు ఊడేలా చేసిన రకాలూ ఉన్నాయి. హామర్ అలాంటిది. ఊడిన రేకులు పక్కలకు వెళ్లి వెడల్పు ఇస్తాయి, వెనక మొద్దు లోతుకు పోతుంది. బార్న్స్ టీటీఎస్‌ఎక్స్, హార్నడీ సీఎక్స్, నాస్లర్ ఈ-టిప్ రేకులు నిలుపుకునేవి. జింకకు మొదటి రకం బాగుంటుంది. ఎల్క్ లాంటి బలిసిన జంతువుకు, వంకర కోణాల గురికి రెండోదే మా ఎంపిక.

ఒక హెచ్చరిక: బరువు కోల్పోకుండా దాటిపోయే బుల్లెట్‌కు వెనక మట్టికట్ట తప్పనిసరి. మందలో ఒకదాని వెనక ఇంకొకటి నిలబడితే కాల్చకండి.

ప్రశ్న: ఇంట్లో నీళ్ల డబ్బాలతో విచ్చుకోవడం పరీక్షించవచ్చా?

జవాబు: పోల్చడానికి సరిపోతుంది. ఆరు డబ్బాలు వరసగా పేర్చి కాల్చండి. బుల్లెట్ తీసి బరువు, విచ్చుకున్న వ్యాసం రాసుకోండి. అయితే నీరు కండకంటే తేలిగ్గా విచ్చుకునేలా చేస్తుంది. నీటిలోనే విచ్చుకోని బుల్లెట్‌ను ఆ వేగంలో జంతువు మీద వాడకూడదు. నీటిలో విచ్చుకుంది కదా అని భరోసా కూడా లేదు. దూరాన్ని అనుకరించడానికి మందు తగ్గించి దగ్గరనుంచి కాలిస్తే బుల్లెట్ తిరుగుడు కూడా తగ్గిపోతుంది. నిజమైన దూరంలో వేగం తగ్గినా తిరుగుడు అంతగా తగ్గదు. అవకాశముంటే అసలు దూరంలోనే కాల్చండి.

ప్రశ్న: సొంతంగా తూటాలు నింపుకుంటాను. సీసపు బుల్లెట్‌కు వాడిన మందు కొలతే వాడవచ్చా?

జవాబు: వాడవద్దు. పొడవైన రాగి బుల్లెట్ కేస్ లోపలికి ఎక్కువ దిగి మందు చోటు ఆక్రమిస్తుంది, గట్టి లోహం రైఫ్లింగ్‌లోకి వేరేలా దిగుతుంది, ఒత్తిడి మారుతుంది. ఆ బుల్లెట్ తయారీదారు పట్టికలోని కనీస కొలత నుంచి మొదలుపెట్టి పైకి రండి. రైఫ్లింగ్‌కు బుల్లెట్‌కు మధ్య 0.050 అంగుళాల ఖాళీతో ఆరంభించండి. గ్రూపు కుదరకపోతే 0.020 చొప్పున ఖాళీ పెంచుతూ 0.150 దాకా వెళ్లండి. సీసానికి అలవాటైనవారు రైఫ్లింగ్‌కు ఆనించి కూర్చోబెడతారు. రాగితో అలా చేస్తే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, గ్రూపు కూడా బాగుపడదు.

ప్రశ్న: సీసం తుంపులు గాయం చుట్టే ఉంటాయి కదా, అంత మేర కోసి పారేస్తే చాలదా?

జవాబు: చాలదు. చిట్లిన సీసపు బుల్లెట్ తగిలిన జింకను ఎక్స్‌రే తీస్తే కంటికి, నాలుకకు తెలియని తుంపులు గాయానికి జానెడు దూరంలో, ఒక్కోసారి అడుగు దూరంలో కూడా కనిపిస్తాయి. అడవిలో వదిలిన పేగులు తిన్న గద్దలు, కాండర్లు (పెద్ద రాబందులు) కూడా వాటిని మింగుతాయి. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. డెన్మార్క్ 2024 ఏప్రిల్‌లో రైఫిల్ తూటాలకూ ఆ నియమం పెట్టింది.